రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? మానాక మళ్ళీ ఎందుకు మొదలెడతారు?

పొద్దుతిరుగుడు (ప్రశ్న):

అందరికీ నమస్తే. రోజూ తాగే మనిషి ఉన్న ఇంటివాళ్ళ కోసం నాలుగు పేజీల కరపత్రం తయారవుతోంది. మూడు విషయాలు ఎటూ తేలడం లేదు.

మానాలంటే ఒక్క దెబ్బతో మానేయాలని కొందరంటారు, అలా మానితే ప్రాణం మీదికొస్తుందని కొందరంటారు. ఏది నిజం? ప్రమాదం ఉంటే ఎన్ని రోజులు? రెండోది, తాగేవాడికి తెలియకుండా తిండిలో, టీలో కలిపే మాత్రల సంగతి. ఇంటివాళ్ళు ముందుగా అడిగేది అదే. మూడోది, తాగుడు మాన్పించే సెంటర్లో నెల రోజులుండి శుభ్రంగా తిరిగొచ్చిన మనిషి వారం తిరక్కుండా మళ్ళీ సీసా పట్టుకుంటే, అది మనసు గట్టిగా లేకపోవడమా, జబ్బా? గంజాయికీ నొప్పి మాత్రలకీ కూడా ఇవే జవాబులు సరిపోతాయా?

లెక్కలతో చెప్పండి. నీతివాక్యాలు మా దగ్గర కావలసినన్ని ఉన్నాయి.

వార్డుగడియారం:

ముందు భాష సంగతి చూడండి. మనకి తాగేదీ మందే, డాక్టరు రాసేదీ మందే. కరపత్రంలో "మందు వేళకి ఇవ్వండి" అని అచ్చయిందంటే కొంప మునుగుతుంది. తాగేదాన్ని మద్యం అనండి, చికిత్సకి వాడేదాన్ని మాత్ర, ఇంజెక్షన్ అనండి. నేనూ అలాగే రాస్తాను.

మీ మొదటి ప్రశ్నకి జవాబు మనిషిని బట్టి మారుతుంది. వారానికి రెండుసార్లు తాగేవాడు ఈ రోజే ఆపేయొచ్చు, ఏమీ కాదు. ఏళ్ళ తరబడి రోజూ తాగుతూ, పొద్దున్నే చెయ్యి వణికి, ఒక గుక్క పడగానే ఆ వణుకు ఆగే మనిషి మాత్రం సొంతంగా ఆపకూడదు. ఆ పొద్దుటి వణుకు ఎక్కడిదో లెక్కేస్తే తెలుస్తుంది. 40 శాతం మద్యం 180 మి.లీ. అంటే, 180ని 0.40తో, మళ్ళీ 0.79తో గుణిస్తే సుమారు 57 గ్రాముల ఆల్కహాల్. లివర్ గంటకి 7 నుంచి 10 గ్రాములు కరిగిస్తుంది, బాగా అలవాటైన లివర్ ఇంకాస్త వేగంగా. రాత్రి 10కి తాగింది తెల్లవారుజాముకి అయిపోతుంది. అక్కడి నుంచి మెదడు గొడవ మొదలెడుతుంది.

గొడవ ఎందుకంటే, గాబా అనే రసాయనం నరాలని నెమ్మదింపజేస్తుంది, గ్లూటమేట్ ఉరకలేయిస్తుంది. మద్యం మొదటిదానికి బలమిచ్చి రెండోదాన్ని అణచిపెడుతుంది. నెలల తరబడి ఇలా సాగితే మెదడు సర్దుకుంటుంది. గాబా మాట వినడం తగ్గిస్తుంది, గ్లూటమేట్ అందుకునే గ్రాహకాలని పెంచుకుంటుంది. మద్యం ఒంట్లో ఉన్నంతసేపూ లెక్క సరిపోతుంది. హఠాత్తుగా తీసేస్తే అణచిపెట్టే చెయ్యి పోతుంది, పెంచుకున్న ఉరకలు మిగిలిపోతాయి. వణుకు, చెమట, గుండెదడ, ఫిట్స్ అన్నీ అక్కడివే.

వేళలు ఆఖరి గుక్క నుంచి లెక్కపెట్టాలి. 6 నుంచి 12 గంటల్లో వణుకు, వాంతి, చెమట, నిద్ర పట్టకపోవడం. 12 నుంచి 24 గంటల్లో కొందరికి లేనివి కనబడడం, వినబడడం. ఫిట్స్ 6 నుంచి 48 గంటల మధ్య ఎప్పుడైనా రావచ్చు. 48 నుంచి 96 గంటల మధ్య డెలీరియం ట్రెమెన్స్ భయం. మనిషి తానెక్కడున్నాడో మర్చిపోతాడు, దుప్పటి మీద పురుగుల్ని ఏరుతున్నట్టు వేళ్ళు కదుపుతాడు, జ్వరం, బీపీ ఎగబాకుతాయి. చికిత్స లేకపోతే ఇది చంపేస్తుంది. సమయానికి అందితే చనిపోయేది నూటికి అయిదుగురిలోపే. ఇంటివాళ్ళు మోసపోయేది ఇక్కడే: రెండో రోజు సాయంత్రానికి వణుకు తగ్గి "గండం గడిచింది" అనుకుంటారు, మూడో రాత్రి అసలుది వస్తుంది. అయిదు రోజులు దాటేదాకా మనిషిని ఒంటరిగా వదలొద్దని పెద్ద అక్షరాల్లో వేయండి.

వణుకు చూసే పద్ధతి ఇంటివాళ్ళకి నేర్పొచ్చు. చేతులు ముందుకి చాపి, వేళ్ళు విడదీయమనండి. కంటికి కనబడకపోతే మీ వేలికొనలు అతని వేలికొనలకి ఆనించండి. సన్నటి వణుకు అప్పుడు తెలుస్తుంది. వార్డుల్లో వాడే పది అంశాల స్కోరు పట్టికలో దీనికి 1 వేస్తారు, చేతులు చాపకుండానే వణుకుతుంటే 7. పట్టిక మొత్తం 67. 10 లోపు తేలిక, 19 గానీ అంతకు పైన గానీ అయితే తీవ్రం.

ఇంతకు ముందు మానినప్పుడు ఫిట్స్ గానీ డెలీరియం గానీ వచ్చినవాళ్ళు, లివర్ జబ్బు, గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు, నిద్రమాత్రలు కూడా వాడేవాళ్ళు, ఇంట్లో చూసుకునే మనిషి లేనివాళ్ళు ఆసుపత్రిలో చేరాల్సిందే. మానడం, మళ్ళీ తాగడం పదేపదే జరిగినకొద్దీ ప్రతి విత్‌డ్రాయల్ (ఆపాక ఒళ్ళు చేసే ఈ గొడవ) మునుపటికంటే గట్టిగా వస్తుంది. పోయినసారి ఏమీ కాలేదు కదా అనే ధీమా పనికిరాదు. డాక్టరుని కలవడానికి రెండు రోజులు పట్టేలా ఉంటే ఆ రెండు రోజులూ పూర్తిగా ఆపేయకూడదు, కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. రాయడానికి మనసొప్పకపోయినా రాయండి.

చికిత్స అంటే క్లోర్‌డయాజిపాక్సైడ్ గానీ డయజిపామ్ గానీ. గాబా మీద మద్యం చేసే పనినే ఇవి చేస్తాయి, కాకపోతే మోతాదు మన చేతిలో ఉంటుంది. ఓ మోస్తరు కేసులో క్లోర్‌డయాజిపాక్సైడ్ 25 మి.గ్రా. రోజుకి నాలుగుసార్లతో మొదలెట్టి 5 నుంచి 7 రోజుల్లో సున్నాకి తెస్తారు. లివర్ దెబ్బతిన్నవాళ్ళకి లొరాజిపామ్ ఇస్తారు, అది ఒంట్లో పేరుకోదు. తప్పులు ఎక్కడ జరుగుతాయంటే, స్ట్రిప్ మొత్తం రోగి చేతికిచ్చేయడం దగ్గర. మాత్ర మీద మద్యం పడితే ఊపిరి ఆగిపోవచ్చు. భ్రమలు చూసి, వాటిని తగ్గించే హాలోపెరిడాల్ ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం ఇంకో తప్పు, అది ఫిట్స్‌ని ఇంకా దగ్గరికి తెస్తుంది.

తయమిన్, అంటే విటమిన్ బి1, మర్చిపోవద్దు. తాగేవాళ్ళ పేగు దాన్ని సరిగ్గా పీల్చుకోదు కాబట్టి మొదటి రోజుల్లో ఇంజెక్షన్‌గానే ఇవ్వాలి. నివారణకైతే రోజుకి 100 నుంచి 250 మి.గ్రా., మూడు నుంచి అయిదు రోజులు. గందరగోళం, తూలుడు, కనుగుడ్లు అదరడం, వీటిలో ఏది కనబడినా వెర్నికే (బి1 లోపంతో మెదడు దెబ్బతినే జబ్బు) అనుకుని 500 మి.గ్రా. చొప్పున రోజుకి మూడుసార్లు నరంలోకి ఇస్తారు. గ్లూకోజ్ సీసా పెట్టేముందే తయమిన్ ఎక్కాలి. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోవచ్చు. మత్తులో తూలుతున్నాడని వదిలేసిన మనిషి నిజానికి వెర్నికేలో ఉండడం చాలా మామూలు.

చెరువుగట్టు:

పైదానికి చిన్న సవరణ. తయమిన్ ముందు అన్నది మామూలు పరిస్థితుల్లో. రక్తంలో షుగర్ పడిపోయి మనిషి స్పృహ తప్పుతుంటే గ్లూకోజ్‌ని ఒక్క నిమిషం కూడా ఆపకూడదు, రెండూ కలిపి ఇచ్చేయడమే. ఆ వాక్యాన్ని కరపత్రంలో అలాగే వేస్తే ఎవరో ఒకరు గ్లూకోజ్ పట్టుకుని తయమిన్ కోసం ఎదురుచూస్తారు. మెగ్నీషియం, పొటాషియం కూడా పరీక్ష చేయించాలి, అవి తక్కువగా ఉంటే ఫిట్స్, గుండె లయ తప్పడం రెండూ సులువవుతాయి.

ఫిట్ వస్తే ఇంటివాళ్ళు చేయాల్సింది: పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తటిది పెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, టైము చూసుకోవాలి. 5 నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్ళీ వచ్చినా అంబులెన్స్. మానిన రోజుల్లో వచ్చే మొదటి ఫిట్ ఒక్క నిమిషంలో ఆగిపోయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. తలకి దెబ్బ తగిలిందేమో కూడా చూడాలి కదా.

మూడోఅర:

రహస్యంగా కలిపే మాత్ర అంటే అడిగేది డైసల్ఫిరామ్ గురించే. జవాబు: వద్దు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఎందుకో అర్థమయ్యేలా రాస్తేనే ఇంటివాళ్ళు వింటారు.

మద్యం లివర్లో మొదట ఎసిటాల్డిహైడ్ అనే విషంగా మారుతుంది, ఆ వెంటనే ఇంకో ఎంజైమ్ దాన్ని ఎసిటేట్‌గా మార్చి హాని లేకుండా చేస్తుంది. డైసల్ఫిరామ్ ఈ రెండో ఎంజైమ్‌ని పనికిరాకుండా చేస్తుంది. అప్పుడు తాగితే విషం పోగుపడి, పది నుంచి ముప్ఫై నిమిషాల్లో ముఖం ఎర్రబడి, తల పగిలిపోతున్నట్టుండి, వాంతులు, దడ, బీపీ పడిపోవడం. గుండె బలహీనంగా ఉన్నవాడు చనిపోవచ్చు. రబ్బరు పరిశ్రమలో వాడే ఈ పదార్థానికి ఈ గుణం ఉందని 1930లలోనే కార్మికుల్లో గమనించారు, 1948లో డెన్మార్క్ పరిశోధకులు దీన్ని చికిత్సగా ప్రకటించారు. అంటే పుట్టుకలోనే దీని పని భయపెట్టడం. తాగితే ఏమవుతుందో తెలిసి భయపడితేనే మాత్ర పనిచేసినట్టు. తెలియనివాడికి భయం ఎక్కడిది? వాడు మామూలుగానే తాగుతాడు, రియాక్షన్ మాత్రం పూర్తిగా వస్తుంది. పైగా డాక్టరు అడిగితే ఏ మాత్ర వేసుకున్నాడో వాడే చెప్పలేడు.

ఒప్పుకుని వేసుకునేవాళ్ళకి ఇది బాగా పనికొస్తుంది, ముఖ్యంగా ఇంట్లో ఒకరి కళ్ళెదుట రోజూ పొద్దున్నే వేసుకుంటే. మామూలు మోతాదు 250 మి.గ్రా. ఆఖరి చుక్క తర్వాత కనీసం 12 గంటలు గడవాలి. మాత్ర ఆపినా 14 రోజుల దాకా రియాక్షన్ రావచ్చు, ఎందుకంటే పాడైన ఎంజైమ్ బాగుపడదు, లివర్ కొత్తది తయారుచేసుకోవాలి. "రెండు రోజులు మాత్ర మానేసి పెళ్ళిలో తాగాడు" అనే కేసులన్నీ ఇందుకే. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్, మౌత్‌వాష్ కూడా దూరం పెట్టాలి. మెట్రోనిడజోల్‌తో కలిపి వాడకూడదు, మతి చలించే ప్రమాదం ఉంది. గుండెజబ్బు, సైకోసిస్ (లేనివి నమ్మే, వినే మానసిక జబ్బు) ఉన్నవాళ్ళకి ఇవ్వరు. అరుదుగా లివర్‌ని తీవ్రంగా దెబ్బతీస్తుంది కాబట్టి మొదలెట్టేముందూ, తర్వాత కొన్నాళ్ళూ లివర్ పరీక్ష. కళ్ళు పచ్చబడితే అదే రోజు ఆపి డాక్టరు దగ్గరికి.

భయం మీద ఆధారపడని మాత్రలూ ఉన్నాయి. నాల్ట్రెక్సోన్, రోజుకి 50 మి.గ్రా., తాగితే వచ్చే ఆ కిక్కుని చప్పబరుస్తుంది. ఇంకా తాగుతున్నవాడికి కూడా మొదలెట్టొచ్చు. అయితే ట్రమడాల్, కోడీన్ లాంటి ఓపియాయిడ్లు (నల్లమందు కోవకి చెందిన నొప్పి మాత్రలు) వాడుతుంటే 7 నుంచి 10 రోజులు ఆపాకే ఇవ్వాలి, లేకపోతే విత్‌డ్రాయల్ ఒక్క ఉదుటున మీద పడుతుంది. అకాంప్రోసేట్ 333 మి.గ్రా. మాత్రలు రెండేసి, రోజుకి మూడుసార్లు. ఇది లివర్ జోలికి పోదు, కిడ్నీ గుండా పోతుంది, కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా రాయకూడదు. రోజుకి ఆరు మాత్రలు మింగడమే దీనితో చిక్కు, రెండో నెలకి సగం మంది మధ్యాహ్నం మోతాదు మర్చిపోతారని అనుకోవడమే మంచిది.

పొద్దుతిరుగుడు:

చాలా ఉపయోగపడింది. "తెలియనివాడికి భయం ఎక్కడిది" అన్న వాక్యం యథాతథంగా తీసుకుంటున్నాను. మూడో ప్రశ్న మిగిలింది. ఇంకొకటి, మనిషి అసలు చికిత్సకే రానంటే ఇంటివాళ్ళు చేయగలిగేది ఏమైనా ఉందా, లేక వాడికి బుద్ధి పుట్టేదాకా ఆగడమేనా?

గాలివాటం:

ఆగనక్కర్లేదు. అట్టడుగుకి పోతే గానీ మారడు అనే మాట ఎంత ప్రచారంలో ఉందో అంత హానికరం. అట్టడుగు అంటే కొందరికి శ్మశానమే.

ముందు కారణాల సంగతి. వ్యసనం వచ్చే అవకాశంలో సుమారు సగం వంశపారంపర్యం. ఇందుకు ఒక్క జన్యువు బాధ్యత కాదు, చాలా చిన్నచిన్నవి కలుస్తాయి. మిగతా సగంలో మొదలెట్టిన వయసు (మెదడు ముందు భాగం, అంటే ఆగు అని చెప్పే భాగం, సుమారు 25 ఏళ్ళ దాకా తయారవుతూనే ఉంటుంది), చిన్నప్పటి దెబ్బలు, డిప్రెషన్, ఆందోళన లాంటివి, చేతికందేంత దగ్గరలో దొరకడం. ఇవి కాక వేగం. పదార్థం ఎంత త్వరగా మెదడుకి చేరితే అంత గట్టిగా పట్టుకుంటుంది, అందుకే మింగేదానికంటే పీల్చేదీ ఎక్కించేదీ త్వరగా బానిసని చేస్తాయి.

నెల రోజుల తర్వాత ఎందుకు పడిపోతాడంటే, సెంటర్లో ఒంట్లోంచి మద్యం పోయింది, మెదడు నేర్చుకున్నది పోలేదు. డోపమిన్ అనేది సుఖం కంటే "ఇది ముఖ్యం, వెళ్ళు" అనే సైగ. ఏళ్ళ తరబడి ఆ సైగ జీతం రోజుకి, ఆ సందు మలుపుకి, ఫలానా స్నేహితుడి ఫోన్ రింగుకి అతుక్కుపోయింది. సెంటర్లో ఇవేవీ లేవు, కాబట్టి అక్కడ యావ లేదు. యావ లేకపోవడాన్ని నయమవడం అనుకుంటారు. ఇంటికి రాగానే అవన్నీ ఒకేసారి ఎదురొస్తాయి. దీనికి తిరగేసిన రుజువు వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన అమెరికన్ సైనికులు. అక్కడ హెరాయిన్‌కి బానిసలైనవాళ్ళని 1970లలో లీ రాబిన్స్ బృందం గమనిస్తే, ఇంటికి చేరిన మొదటి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవాళ్ళు నూటికి సుమారు అయిదుగురే. వాళ్ళకి చోటు మారింది. మన సెంటర్ మనిషి మాత్రం పాత చోటికే తిరిగొస్తాడు.

మరి మనసా, జబ్బా అంటారా? అలా విడదీసి చూడ్డమే తప్పని నా ఉద్దేశం. బీపీ కూడా జబ్బే, ఉప్పు తగ్గించడం మాత్రం మనిషే చేయాలి. బీపీ మాత్ర మానేస్తే బీపీ పెరిగితే "నీకు మనోబలం లేదు" అని ఎవరూ అనరు, మాత్ర మళ్ళీ మొదలెడతారు.

పనికొచ్చే వివరాలు: పడిపోయేది ఎక్కువగా మొదటి మూడు నెలల్లో. కాబట్టి సెంటర్ నుంచి వచ్చే రోజుకే, మొదటి వారంలో డాక్టరు దగ్గరికి వెళ్ళే తేదీ ఖాయమై ఉండాలి. నిద్ర సరిగ్గా పట్టకపోవడం, చిటికెలో కోపం రావడం వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటాయి. "తాగినప్పుడే నయం, ఇప్పుడు అందరి మీదా విరుచుకుపడుతున్నాడు" అని ఇంటివాళ్ళు అనేది ఈ దశలోనే, ఇది ముందే చెప్పి ఉంచాలి. యావ ఒక కెరటంలా లేచి సాధారణంగా పావుగంట, అరగంటలో దిగిపోతుంది. అది దిగేదాకా చేయాల్సిన పని ముందే కాగితం మీద రాసి ఉండాలి: ఎవరికి ఫోన్ చేయాలి, ఎటు నడవాలి, ఏం తినాలి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, వీటిలో రెండు కలిశాయంటే జాగ్రత్త. జీతం రోజున డబ్బు ఎవరి చేతిలో ఉంటుందో అతనితోనే మాట్లాడి ఒప్పందం చేసుకోవాలి, లాక్కోకూడదు. ఒక గ్లాసు తాగేస్తే "ఎలాగూ చెడింది, ఇంక సీసా ఎందుకు వదలాలి" అనుకోవడమే అసలు నష్టం. అలాంటప్పుడు అదే రోజు ఫోన్ చేస్తే ఒక గ్లాసుతో పోతుంది.

రానంటున్న మనిషి విషయంలో, కుటుంబానికి శిక్షణ ఇచ్చే పద్ధతి ఒకటుంది, క్రాఫ్ట్ అంటారు. 1999లో అచ్చయిన ఒక పోలికలో ఈ పద్ధతి నేర్చుకున్న కుటుంబాల్లో సుమారు మూడింట రెండు వంతుల మంది తమ మనిషిని చికిత్సకి ఒప్పించగలిగారు. అందరూ కూర్చోబెట్టి నిలదీసే పద్ధతిలో అది నూటికి 30. చేసేది పెద్ద బ్రహ్మవిద్య కాదు. తాగి ఉన్నప్పుడు వాదించరు. తాగని గంటల్లో మనిషికి దగ్గరగా ఉంటారు, తాగి వచ్చినప్పుడు మౌనంగా పక్కకి తప్పుకుంటారు. ఆఫీసుకి "జ్వరం" అని అబద్ధం చెప్పడం, అప్పు తీర్చడం ఆపేస్తారు. మాట్లాడేటప్పుడు "నువ్వెప్పుడూ ఇంతే" అనరు. "నిన్న రాత్రి పాప నీ కోసం పదింటిదాకా మేలుకుంది" అంటారు. అతనే "ఇలా కాదు, ఏదో ఒకటి చేయాలి" అన్న రోజున వెంటనే తీసుకెళ్ళడానికి డాక్టరు అపాయింట్‌మెంట్ దారి ముందే తెలిసి ఉంటుంది. ఆ మాట ఒక పూట కంటే నిలవదు. ఇంట్లో కొట్టడం ఉంటే ఇవేవీ ముందు కాదు, మీరూ పిల్లలూ క్షేమంగా ఉండే చోటు ముందు.

చెరువుగట్టు:

మిగతా పదార్థాలకి ఇవే జవాబులు సరిపోవు.

హెరాయిన్, కోడీన్, ట్రమడాల్ లాంటి ఓపియాయిడ్లు ఆపితే ఒళ్ళు నొప్పులు, విరేచనాలు, ముక్కు కారడం, ఆవులింతలు. నరకంగా ఉంటుంది కానీ విత్‌డ్రాయల్ వల్లే చనిపోవడం అరుదు. ట్రమడాల్‌కి మాత్రం ఫిట్స్ గుణం వేరేగా ఉంది. వీటిలో చావు వచ్చేది మానిన తర్వాత. మూడు వారాలు ఆపితే ఒంటి తట్టుకునే శక్తి పోతుంది, మనిషి మాత్రం పాత మోతాదే వేసుకుంటాడు, ఊపిరి ఆగుతుంది. అందుకే వీటికి ఉత్త డీటాక్స్ (ఒంట్లోంచి మత్తు దింపడం) చేసి పంపేయడం ప్రమాదం. బ్యుప్రెనార్ఫిన్ గానీ మెథడోన్ గానీ నెలలు, ఏళ్ళు కొనసాగించడమే చికిత్స. ఇవీ ఓపియాయిడ్లే కాబట్టి ఒక మత్తు బదులు ఇంకో మత్తు అనే విమర్శ వస్తుంది, పట్టించుకోకండి. బ్యుప్రెనార్ఫిన్ అదే గ్రాహకానికి అతుక్కుని కొంతవరకే పనిచేసి ఆగుతుంది, మోతాదు పెంచినా ఊపిరి మీద ప్రభావం ఒక స్థాయి దాటదు. మద్యం, నిద్రమాత్రలు తోడైతే ఆ రక్షణ ఉండదు. హెరాయిన్ లాంటివి ఆపి 12 నుంచి 24 గంటలు గడిచి, విత్‌డ్రాయల్ స్పష్టంగా కనబడ్డాకే మొదటి 2 లేదా 4 మి.గ్రా. నాలుక కింద పెడతారు. తొందరపడితే అదే విత్‌డ్రాయల్‌ని తెచ్చిపెడుతుంది, "ఈ మాత్ర నాకు పడదు" అని రోగి పారిపోతాడు.

కంటిపాప సూదిమొనంత అయి, పెదాలు నీలంగా, ఊపిరి నిమిషానికి ఏ నాలుగైదుసార్లో ఆడుతుంటే అది ఓవర్‌డోస్. ఓపియాయిడ్ల పనిని విరిచే నలాక్సోన్ ఇచ్చి, ఊపిరి అందించి, అంబులెన్స్ పిలవాలి. నలాక్సోన్ పని 30 నుంచి 90 నిమిషాలే, వేసుకున్న మత్తు అంతకంటే ఎక్కువసేపు ఉండొచ్చు. లేచి కూర్చున్నాడని పంపేయకూడదు.

నిద్రమాత్రలు, ఆందోళన మాత్రలు (అల్‌ప్రజోలామ్ లాంటివి) మద్యం కోవలోవే, హఠాత్తుగా ఆపితే ఫిట్స్. 2 నుంచి 4 వారాలకోసారి 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గిస్తారు, నెలలు పడుతుంది. గంజాయికి ప్రత్యేకమైన మాత్ర లేదు. చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఆకలి చావడం మొదటి వారంలో ఎక్కువగా ఉండి క్రమంగా తగ్గుతాయి. కొకైన్, మెథ్ లాంటివాటికీ మాత్ర లేదు. మూత్ర పరీక్షలో శుభ్రంగా వచ్చిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇచ్చే పద్ధతి వాటికి అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. పిల్లల ఆటలా అనిపిస్తుంది, నిజమే.

పొద్దుతిరుగుడు:

మొదటి పేజీలో గడియారం బొమ్మ వేసి 6, 12, 48, 96 గంటలు గుర్తుపెడుతున్నాం. ఒక్క సందేహం. లివర్ బాగా దెబ్బతిని, కడుపులో నీరు చేరిన మనిషి తాగుడు మానడానికి పైన చెప్పిన మాత్రల్లో ఏది వాడొచ్చు?

మూడోఅర:

డైసల్ఫిరామ్ వద్దు. నాల్ట్రెక్సోన్ కూడా ఆ దశలో సాధారణంగా తప్పిస్తారు. కిడ్నీలు బాగుంటే అకాంప్రోసేట్ ఆలోచించవచ్చు. సిర్రోసిస్ (లివర్ మచ్చలు పడి గట్టిపడడం) ఉన్నవాళ్ళ మీద పరీక్షించి చూసినది బాక్లోఫెన్, 5 మి.గ్రా. రోజుకి మూడుసార్లతో మొదలెట్టి మెల్లగా పెంచుతారు. మగత ఎక్కువగా ఉంటే, మాట ముద్దగా వస్తుంటే, పగలు రాత్రి తారుమారైతే అది మాత్ర వల్లో లివర్ వల్ల మెదడు మందగించడమో తేల్చుకోవడానికి అదే రోజు చూపించాలి. బాక్లోఫెన్ని కూడా హఠాత్తుగా ఆపకూడదు, ఫిట్స్ రావచ్చు. ఊరెళ్ళేటప్పుడు స్ట్రిప్ మర్చిపోకుండా చూసుకోమని ఆ పేజీలోనే వేయండి.